ఆరోగ్య రికార్డుల డేటాబేస్‌లో సమయం: టైమ్ జోన్లు, డేలైట్ సేవింగ్ మార్పులు తప్పు లేకుండా నిర్వహించే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడపల్లో కూర్చుని అమెరికా ఆస్పత్రుల డేటా మీద పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఊళ్లోని నర్సింగ్ హోములకు, ల్యాబులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. రెండు పనుల్లోనూ ఒకే చోట కాలు జారుతుంది. మన దేశమంతటికీ ఒకటే సమయం, అంటే ఒకటే టైమ్ జోన్. కొన్ని దేశాల్లో వేసవికి గడియారం గంట ముందుకు, చలికాలానికి గంట వెనక్కి జరుపుతారు, దాన్నే డేలైట్ సేవింగ్ అంటారు; మన దగ్గర ఏడాది పొడవునా గడియారం ముల్లు ఎవరూ ముందుకీ వెనక్కీ తిప్పరు. అందువల్ల సమయం అంటే తెర మీద కనిపించే అంకె అనే అలవాటు మనకు గట్టిగా పట్టుకుంది.

ఈ అలవాటుకు విరుగుడుగా అందరూ చెప్పే సలహా ఒకటుంది: అన్నీ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చి దాచెయ్, చూపించేటప్పుడు స్థానిక సమయంలోకి తిప్పు. ఈ సలహా సగమే సరైనది. రోగి రికార్డులో సమయం ఒకే రకం వస్తువుగా ఉండదు. ఏ కాలమ్‌లో ఏ రకం సమయం ఉందో తేల్చకుండా అన్నిటినీ యూటీసీ చేస్తే పుట్టిన తేదీలు చెడతాయి, అపాయింట్‌మెంట్ల వేళలు పక్కకు జరుగుతాయి, మందుల వేళలు తప్పుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో డేటా టైపుల కంటే ముందు వర్గీకరణ వస్తుంది.

మొదటి మెట్టు: కాలమ్‌లన్నీ మూడు కుప్పలుగా వేరు చేయండి

డేటాబేస్‌లో తేదీ, సమయం ఉన్న ప్రతి కాలమ్ పేరునూ ఒక షీటులో రాయండి. ఒక్కోదాన్ని ఈ మూడింట్లో ఏదో ఒకదాని కింద వేయండి.

జరిగిపోయిన క్షణం: రక్తం తీసిన సమయం, ఇంజెక్షన్ ఇచ్చిన సమయం, బిడ్డ పుట్టిన క్షణం, డాక్టర్ నోట్ మీద సంతకం చేసిన సమయం. ప్రపంచంలో ఎక్కడినుంచి చూసినా ఆ క్షణం ఒక్కటే. యూటీసీ సలహా దీనికి చక్కగా సరిపోతుంది.

గడియారం చూపాల్సిన సమయం: వచ్చే గురువారం ఉదయం 10కి అపాయింట్‌మెంట్, చీటీ మీద 1-0-1 అని రాసిన మాత్ర. ఉదయం టిఫిన్ తర్వాత వేసుకోవలసిన మాత్రకు యూటీసీతో పని లేదు. రోగి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పొద్దు దానికి లెక్క.

కేవలం తేదీ: పుట్టిన తేదీ, టీకా వేసిన రోజు, ఇన్సూరెన్స్ గడువు. వీటికి గంటా లేదు, జోనూ లేదు.

నాలుగోది కూడా ఒకటి తగులుతుంది, అసంపూర్ణమైన తేదీ. "షుగర్ ఎప్పటినుంచి?" అని అడిగితే పెద్దాయన "మా మనవడు పుట్టిన ఏడాది నుంచి" అంటారు. మీ చేతిలో మిగిలేది సంవత్సరం మాత్రమే. దాన్ని బలవంతంగా జనవరి 1గా మార్చకండి. ఆరోగ్య డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో సంవత్సరం ఒక్కటే, లేదా సంవత్సరం, నెల మాత్రమే రాసే వీలుంది. మీ టేబుల్‌లో కూడా ఖచ్చితత్వం ఎంతవరకో చెప్పే చిన్న కాలమ్ పక్కన పెట్టండి.

రెండో మెట్టు: పుట్టిన తేదీని ముందు కాపాడండి

నా అనుభవంలో మన దగ్గర ఎక్కువగా చెడేది ఇదే, అందుకే కాస్త ఆగి చెబుతాను. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో 2024 మార్చి 15 అని ఎంచుకుంటారు. బ్రౌజర్ దాన్ని ఆ రోజు అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుని యూటీసీలోకి మారుస్తుంది. భారత సమయం యూటీసీ కంటే 5:30 గంటలు ముందుంది కాబట్టి సర్వర్‌కు చేరేది 2024 మార్చి 14, 18:30. సర్వర్ గంటలు కత్తిరించి తేదీ మాత్రం దాచుకుంటుంది. బిడ్డ ఒక రోజు ముందే పుట్టినట్టు అయింది.

ఇదే కోడ్ న్యూయార్క్‌లో పరీక్షిస్తే తప్పు దొరకదు. అక్కడి అర్ధరాత్రి యూటీసీలో అదే తేదీ తెల్లవారుజామున 4 లేదా 5 గంటలు. తేదీ మారదు. అమెరికాలో బాగా నడిచిన కోడ్‌ను కర్నూలులో పెట్టగానే పుట్టిన తేదీలన్నీ ఒక రోజు వెనక్కి పోవడానికి కారణం ఇదే.

మన పల్లెల్లో దీని దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్లకు రికార్డుల్లో జనవరి 1 అని వేసే అలవాటు విస్తారంగా ఉంది. ఒక రోజు వెనక్కి జరిగితే అది ముందు ఏడాది డిసెంబర్ 31 అవుతుంది. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో రోగి రికార్డును వెతికేటప్పుడు పేరు, లింగంతో పాటు పుట్టిన సంవత్సరం కూడా చూస్తారు. సంవత్సరమే తప్పితే అలాంటి ఓ అవ్వ పాత రికార్డు ఆమెకు దొరకదు.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు మన దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపారు. అన్ని దేశాల సమయ నియమాలూ నమోదయ్యే టైమ్ జోన్ డేటాబేస్‌లో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు భారత సమయం యూటీసీ కంటే 6:30 గంటలు ముందున్నట్టు నమోదై ఉంది. 1944 జూన్ 10న పుట్టిన తాతగారి తేదీని అర్ధరాత్రి క్షణంగా దాస్తే యూటీసీలో అది జూన్ 9, 17:30. తిరిగి చూపించేటప్పుడు ఎవరైనా స్థిరంగా 5:30 కలిపితే జూన్ 9 రాత్రి 11 గంటలు వస్తుంది. ఆ ఏళ్లలో పుట్టినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు, అంటే ఆస్పత్రికి ఎక్కువగా వచ్చేవాళ్లు.

పరిష్కారం తేలిక: పుట్టిన తేదీకి కేవలం తేదీ టైపే వాడండి. బ్రౌజర్ నుంచి సర్వర్ దాకా దాన్ని సంవత్సరం-నెల-రోజు అక్షరాలుగానే పంపండి, మధ్యలో ఎక్కడా సమయంగా మార్చనివ్వకండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. దాని టైమ్‌స్టాంప్ (తేదీ, సమయం కలిపి దాచే) టైపు 1970కి ముందు తేదీలను అసలు పట్టుకోలేదు, 2038 జనవరి 19 తర్వాతవి కూడా అంతే.

నవజాత శిశువులకు పుట్టిన గంట, నిమిషం కూడా కావాలి. దాన్ని వేరే కాలమ్‌లో, జరిగిన క్షణంగా దాచండి. ఇక్కడ కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు ఒక మాట నేర్పాలి. మన ఇళ్లలో తెల్లవారితేనే రోజు మారుతుంది. "ఆదివారం రాత్రి 2 గంటలకు పుట్టింది" అని అమ్మమ్మ చెబితే క్యాలెండర్ ప్రకారం అది సోమవారం కావచ్చు. అందుకని "తెల్లారితే ఏ వారమమ్మా?" అని తిరిగి అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం వచ్చాకే తేదీ ఎక్కించాలి.

మూడో మెట్టు: క్షణాలకు సరైన టైపు, దాని పక్కన జోన్ పేరు

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 'టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్' ఎంచుకోండి. పేరు చూసి జోన్ కూడా దాస్తుందనుకుంటారు చాలామంది, కానీ అది దాచేది యూటీసీ క్షణం మాత్రమే. జోన్ లేని టైమ్‌స్టాంప్ టైపు ఇంకా ప్రమాదం. సమయం చివర ప్లస్ 05:30 అని రాసి పంపినా, ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వకుండా ఆ ముక్కను వదిలేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'డేట్‌టైమ్‌ఆఫ్‌సెట్' యూటీసీతో తేడాను దాస్తుంది, జోన్ పేరును దాచదు. ఒరాకిల్‌లో జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ టైపు ప్రాంతం పేరును కూడా పట్టుకోగలదు. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ టైపు సెషన్ జోన్‌ను (ఆ కనెక్షన్‌కు పెట్టిన జోన్‌ను) బట్టి యూటీసీలోకి మారుతుంది, డేట్‌టైమ్ టైపు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది.

అందుకని ప్రతి సంఘటనకూ మూడు కాలమ్‌లు పెట్టమంటాను: యూటీసీ క్షణం, అది జరిగిన చోటి జోన్ పేరు, పంపినవాళ్ల దగ్గరనుంచి అక్షరాలా వచ్చిన అసలు పాఠం. మూడోది వృథా ఖర్చు అని వాదిస్తారు. వైద్య రికార్డు కోర్టు దాకా వెళ్లే కాగితం. నర్సు రాసింది ఏమిటి, మన ప్రోగ్రామ్ మార్చింది ఏమిటి అని ఒక రోజు ఎవరో అడుగుతారు. అప్పుడు చూపించడానికి ఆ కాలమ్ ఒక్కటే ఆధారం.

జోన్ పేరు ఎప్పుడూ 'ఆసియా/కోల్‌కతా', 'అమెరికా/న్యూయార్క్' తరహాలో పూర్తిగా ఉండాలి. మైనస్ 5 అని తేడా మాత్రం దాస్తే అది న్యూయార్క్ శీతకాలమో, చికాగో వేసవో తెలియదు. పొట్టి పేర్లు ఇంకా మోసం. ఐఎస్‌టీ అంటే మనకు భారత సమయం, ఐర్లండ్ వాళ్లకు వాళ్ల వేసవి సమయం, ఇజ్రాయెల్ వాళ్లకు వాళ్లది. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ పొట్టిపేర్ల జాబితాలో ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్, యూటీసీ కంటే 2 గంటలు ముందు. అనంతపురం ల్యాబ్ నుంచి ఐఎస్‌టీ తోకతో వచ్చిన సమయాన్ని పోస్ట్‌గ్రెస్ 17కూ అంతకుముందు వెర్షన్లకూ అలాగే ఇస్తే మూడున్నర గంటల తేడా పడుతుంది. ఆ జాబితాను 'ఇండియా'కు మార్చుకునే వీలు ఉంది, అయినా పొట్టిపేర్లను గుమ్మం దగ్గరే ఆపడం మేలు.

నాలుగో మెట్టు: డేలైట్ సేవింగ్ రాత్రి ఏం జరుగుతుందో చేత్తో లెక్క వేసి చూడండి

అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతున్నారు, రెండూ స్థానిక సమయం తెల్లవారుజామున 2 గంటలకే. హవాయి జరపదు. ఆరిజోనా కూడా జరపదు, అక్కడి నవాహో నేషన్ అనే ఆదివాసీ భూభాగం మాత్రం జరుపుతుంది. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. కడప, రాజంపేట వైపు నుంచి ఎక్కువమంది వెళ్లే కువైట్‌లో ఈ గొడవ లేదు, ఏడాదంతా యూటీసీ కంటే 3 గంటలు ముందే. కువైట్ నుంచి వచ్చినాయన తెచ్చిన ల్యాబ్ రిపోర్టులో ఉదయం 9:15 అని ఉంటే మనకు అది 11:45.

2025 నవంబర్ 2, ఆదివారం తీసుకోండి. న్యూయార్క్‌లో ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట ఆ రాత్రి రెండుసార్లు వచ్చింది. మొదటి 1:30 కర్నూలులో పగలు 11 గంటలు, రెండో 1:30 మధ్యాహ్నం 12 గంటలు. ఇప్పుడు ఒక ప్రసూతి గది ఊహించండి. కవలల్లో మొదటి బిడ్డ వేసవి సమయం 1:50కి, ఇరవై నిమిషాల తర్వాత రెండో బిడ్డ శీతకాలపు సమయం 1:10కి పుట్టారు. గడియారం అంకెలు మాత్రమే దాస్తే చిన్నది పెద్దదాని కంటే నలభై నిమిషాలు ముందు పుట్టినట్టు ఉంటుంది.

ఇది ఎవరు పెద్ద అన్న చిక్కుతో ఆగదు. పసిబిడ్డల కామెర్లను బిలిరుబిన్ విలువతో పాటు బిడ్డ వయసును గంటల్లో చూసి అంచనా వేస్తారు. నవంబర్ 1 రాత్రి 8కి పుట్టిన బిడ్డకు మరునాడు రాత్రి 8కి రక్తం తీస్తే వయసు 25 గంటలు, 24 కాదు. రెండు గడియారపు సమయాల మధ్య తీసివేత చేసే ప్రోగ్రామ్ ఈ గంటను మింగేస్తుంది. గడిచిన కాలం కావాలంటే ఎప్పుడూ యూటీసీ క్షణాల మధ్యే తీసివేయండి.

మందుల్లో ఇదే ప్రశ్న రెండు రూపాల్లో వస్తుంది. 8 గంటలకోసారి ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ ఆ శనివారం రాత్రి 10కి ఇచ్చారనుకోండి. సరిగ్గా 8 గంటలు గడిస్తే గడియారం తెల్లవారుజామున 5 చూపిస్తుంది. వార్డు అలవాటు ప్రకారం 6కి ఇస్తే 9 గంటల ఎడం. మార్చిలో అదే 6కి ఇస్తే 7 గంటలే. ఏది సరైనదో తేల్చాల్సింది డాక్టరు, ఫార్మసిస్టు. ఆర్డర్ టేబుల్‌లో "గంటల ఎడం", "గడియారపు వేళ" అని రెండు రకాలను వేరుగా గుర్తించే కాలమ్ ఉంచడం మన పని. అది లేకపోతే ప్రోగ్రామరే తెలియకుండా మందు వేళ నిర్ణయిస్తున్నట్టు.

ఇక, జోన్ పేరు ఉన్నా యూటీసీతో తేడా రాయని 1:30 వస్తే ఏం చేస్తారు? ఉపకరణాలన్నీ ఒకే మాట చెప్పవు. జావాలో జోనున్న తేదీ-సమయం క్లాస్ మొదటి 1:30ని, అంటే వేసవి సమయాన్ని ఎంచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ రెండోదాన్ని, శీతకాలపు సమయాన్ని ఎంచుకుంటుంది. అప్లికేషన్ ఒక చోట మార్చి, ఒక చిన్న స్క్రిప్టు నేరుగా డేటాబేస్‌లో ఇంకోచోట మారిస్తే, ఒకే పాఠానికి గంట తేడాతో రెండు క్షణాలు పుడతాయి. అందుకే మార్పిడి ఒకే చోట జరగాలి. పైథాన్‌లో ఏ 1:30 అన్నది 'ఫోల్డ్' అనే గుర్తుతో చెప్పొచ్చు. తేల్చలేని సమయాన్ని ఊహించి నింపకండి. "అస్పష్టం" అని గుర్తు పెట్టి, మనిషి చూసే జాబితాలోకి పంపండి. మార్చిలో అసలు ఉండని 2:30 వస్తే దాన్ని కూడా అదే జాబితాలోకి పంపండి. ఆ సమయం వచ్చిందంటే పంపిన యంత్రం గడియారమే తప్పుగా ఉండే అవకాశం ఎక్కువ.

అయిదో మెట్టు: బయటినుంచి వచ్చే సందేశాలకు గుమ్మం దగ్గరే తనిఖీ

ఆస్పత్రి సిస్టమ్‌లు, ల్యాబ్ యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే హెచ్‌ఎల్7 రెండో తరం సందేశాల్లో సమయం 20251102013000 లాగా ఒకే వరుస అంకెలు. చివర యూటీసీ తేడా రాయొచ్చు, రాయకపోవచ్చు. చాలా ల్యాబ్ యంత్రాలు రాయవు. ఎఫ్‌హెచ్‌ఐఆర్‌లో అలా కుదరదు, గంటలు నిమిషాలు రాస్తే తేడా కూడా తప్పనిసరి. పాత సందేశాన్ని కొత్త రూపంలోకి మార్చేటప్పుడు, లేని తేడాను మనమే నింపాల్సి వస్తుంది.

దానికి పంపేవాళ్ల పట్టిక ఒకటి తయారు చేసుకోండి: సంస్థ, యంత్రం, దాని జోన్ పేరు, అది డేలైట్ సేవింగ్ పాటిస్తుందా, ఏ తేదీ నుంచి ఆ వివరం చెల్లుతుంది. యంత్రం అని విడిగా ఎందుకన్నానంటే, ఆస్పత్రి గడియారాలన్నీ మారినా మూలనున్న ఈసీజీ యంత్రం గడియారాన్ని ఎవరో చేత్తో మార్చేదాకా అది పాత సమయంలోనే ఉంటుంది. రేడియాలజీ చిత్రాలకు వాడే డైకామ్ ప్రమాణంలో యూటీసీ తేడా రాసే ట్యాగ్ ఉంది, అది వస్తే వాడుకోండి.

సర్వర్ గడియారమే తప్పైతే ఇదంతా దండగ. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ యంత్రాల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఎన్‌టీపీ (గడియారాలకు సరైన సమయం అందించే) సర్వర్లతోనో, వాటితో సరిపోలే వనరులతోనో కలిపి ఉంచాలి. చిన్న నర్సింగ్ హోములో కంప్యూటర్ గడియారం ఎప్పుడూ వెనకబడుతుంటే మదర్‌బోర్డు బ్యాటరీ కూడా ఒకసారి చూడండి.

ఆరో మెట్టు: రాబోయే అపాయింట్‌మెంట్లు

డల్లాస్‌లో ఉన్న కొడుకు, అనంతపురంలో ఉన్న అమ్మ, ఇద్దరూ ప్రతి శనివారం డాక్టరుతో వీడియోలో మాట్లాడాలి. మన రాత్రి 8:30 అంటే అక్కడ వేసవిలో ఉదయం 10, చలికాలంలో 9. నవంబర్‌లో ఎవరి గడియారం కదలకుండా నిలవాలి? ఇది ముందే అడిగి, ఆ జోన్ పేరును అపాయింట్‌మెంట్‌తో పాటు రాయాలి. స్థానిక తేదీ, స్థానిక గంట, జోన్ పేరు, ఈ మూడే అసలు రికార్డు. యూటీసీ విలువ వెతుకులాటకు పనికొచ్చే నకలు, దాన్ని ఎప్పుడైనా మళ్లీ లెక్కగట్టుకునేలా ఉంచండి.

మళ్లీ లెక్క ఎందుకంటే ప్రభుత్వాలు నియమాలు మారుస్తాయి. 2022 అక్టోబర్‌లో జోర్డాన్, సిరియా శీతకాలపు సమయానికి వెళ్లడం మానేశాయి, కొద్ది వారాల ముందే చెప్పి. 2023 మార్చిలో లెబనాన్‌లో ప్రభుత్వం గడియారం మార్పును వాయిదా వేసి, గొడవ అయ్యాక వెనక్కి తీసుకుంది, ఆ కొద్ది రోజులు దేశంలో రెండు సమయాలు నడిచాయి. మన పిల్లలు మెడిసిన్ చదవడానికి వెళ్లే కజకిస్తాన్‌లో 2024 మార్చి 1 నుంచి దేశమంతా ఒకే జోన్ అయింది, అల్మాటీ గడియారం గంట వెనక్కి జరిగింది.

ఇలాంటి మార్పులు టైమ్ జోన్ డేటాబేస్ కొత్త విడుదలగా వస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్, జావా, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ పట్టికలు వేటికవే సొంత నకలు ఉంచుకోవచ్చు కాబట్టి అన్నిటినీ కలిపి నవీకరించి, తర్వాత భవిష్యత్ అపాయింట్‌మెంట్ల యూటీసీ విలువలు తిరగ లెక్కించండి. మైఎస్‌క్యూఎల్‌లో ఆ పట్టికలు ఎక్కించకపోతే పేరుతో అడిగిన మార్పిడి ఖాళీ విలువ ఇస్తుంది, తప్పు చూపదు.

ఏడో మెట్టు: రోజువారీ నివేదికలు

యూటీసీ తేదీ ప్రకారం గుంపు కడితే మన దగ్గర రోజు తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. రాత్రి 12 నుంచి 5:30 దాకా వచ్చిన పాముకాటు కేసులు, కాన్పులు అన్నీ నిన్నటి లెక్కలో పడతాయి. ముందు స్థానిక సమయంలోకి మార్చి, ఆ తర్వాతే తేదీ కత్తిరించండి. రోజు హద్దును "ఈ రోజు మొదలు నుంచి, రేపు మొదలుకు ముందు వరకు" అని రాయండి. 23:59:59 దాకా అని రాస్తే చివరి సెకనులోని భిన్నాలు జారిపోతాయి. అమెరికా డేటాలో రోజుకు 23 గంటలు, 25 గంటలు వచ్చే రోజులు ఉంటాయి కాబట్టి గంటకు సగటు లెక్కల్లో 24తో భాగించడం మానండి.

ఎనిమిదో మెట్టు: పాత డేటా ఏ సమయంలో ఉందో కనిపెట్టడం

పాత సిస్టమ్ డేటా చేతికి వచ్చినప్పుడు అది భారత సమయమో యూటీసీయో చెప్పేవాళ్లు ఉండరు. డేటాయే చెబుతుంది. ఓపీ నమోదులను గంటలవారీగా లెక్కపెట్టండి. మా ప్రాంతంలోని ఒక ఆస్పత్రి పట్టికలో రద్దీ అంతా తెల్లవారుజామున 3, 4 గంటల మధ్య కనిపించింది. ఓపీ తెరిచేది ఉదయం 9కి. 9 లోంచి 5:30 తీస్తే 3:30, అంటే అది యూటీసీ. అదే పట్టికలో ఒక తేదీ నుంచి రద్దీ 9 గంటల దగ్గరికి మారింది. సర్వర్ మార్చినరోజు అది. ఒకే కాలమ్‌లో రెండు జోన్లు ఉన్నాయన్నమాట. అందుకే మొత్తం డేటాకు ఒకే లెక్క కాకుండా, నెలవారీగా, యంత్రంవారీగా విడదీసి చూడాలి.

రెండో పరీక్ష: ఫలితం వచ్చిన సమయం నమూనా తీసిన సమయం కంటే ముందున్న వరుసలను వెతకండి. పరీక్షకు మామూలుగా పట్టే సమయం కూడా కలిపి చూస్తే తేడా 5:30 గంటల దగ్గరైతే జోన్ తప్పు, గంట దగ్గరైతే డేలైట్ సేవింగ్, మూడున్నర గంటల దగ్గరైతే ఐఎస్‌టీ ఇజ్రాయెల్ అయింది, ఇష్టమొచ్చినట్టు ఉంటే మనిషి తప్పుగా కొట్టిన సమయం.

సవరించేటప్పుడు పాత కాలమ్‌ను తాకకండి. కొత్త కాలమ్‌లో సరైన క్షణం రాసి, ఏ ఆధారంతో మార్చారో, ఎవరు, ఎప్పుడు మార్చారో పక్కన నమోదు చేయండి. ఆధారం దొరకని వరుసలకు "జోన్ తెలియదు" అని రాయండి. డాక్టరు తెర మీద కూడా ఆ సమయం పక్కన అదే మాట కనిపించాలి, అప్పుడే ఆయన దాన్ని ఎంతవరకు నమ్మాలో నిర్ణయించుకోగలరు.

తొమ్మిదో మెట్టు: పరీక్షలు

రోగుల అసలు రికార్డులు పరీక్షలకు వాడకండి, ఈ కింది సందర్భాలకు బొమ్మ రికార్డులు తయారు చేసుకోండి. న్యూయార్క్‌లో నవంబర్ రెండు 1:30లు, మార్చిలో లేని 2:30. ఆరిజోనాలో అదే రాత్రి. కర్నూలులో రాత్రి 12:10కి కాన్పు. 1944లో పుట్టిన రోగి. జనవరి 1 పుట్టిన తేదీ. నేపాల్ నుంచి వచ్చిన రిపోర్టు, అక్కడ తేడా 5:45. ఫిబ్రవరి 29. ఈ మొత్తాన్ని సర్వర్ జోన్ యూటీసీ, కోల్‌కతా, న్యూయార్క్‌గా మార్చి మూడుసార్లు నడపండి. మూడింట్లోనూ ఒకే ఫలితం రావాలి. ఏ ఒక్క పరీక్ష ఫలితం మారినా, కోడ్‌లో ఎక్కడో సర్వర్ సొంత జోన్‌ను అడుగుతున్న చోటు మిగిలి ఉందని అర్థం, అది దొరికేదాకా విడుదల ఆపండి.